రేడియో స్టేషన్ దగ్గర ఆపండి

బస్టాండులో ఆటో ఎక్కి "రేడియో స్టేషన్" అంటే చాలు, బెజవాడలో ఇంకేమీ చెప్పక్కర్లేదు. బందరు రోడ్డు మీద పున్నమ్మతోట దగ్గర దిగండి. గేటు దగ్గర పుస్తకంలో పేరు, వచ్చిన పని రాసి సంతకం పెట్టండి. ఫోను ఆపేయండి. వరండా దాటేదాకా బస్సుల హారన్లు వెంటే వస్తాయి.

స్టూడియో తలుపు బరువుగా ఉంటుంది. తోసుకుని వెళ్తే ఇంకో తలుపు. రెండోది మూసుకోగానే బందరు రోడ్డు మొత్తం ఎవరో కట్టేసినట్టు ఆగిపోతుంది. గోడలు చప్పుడునంతా పీల్చేస్తాయి, మీ ఊపిరి మీకే గట్టిగా వినిపిస్తుంది. మృదంగం ఆయన తొప్పి వైపు రవ్వముద్ద తడిపి అద్దుతున్నారు. రెండోవైపు అంచు మీద రాయితో చిన్న దెబ్బ వేసి, చెవి దగ్గర పెట్టుకుని, మళ్లీ ఒక దెబ్బ. వయొలిన్ ఆయన కళ్లు మూసుకుని బిరడ తిప్పుతున్నారు. గాయని మంచినీళ్లు గుక్కెడు తాగి మైకు ముందు సర్దుకుని కూర్చుంది. అద్దానికి అవతల ఇంజనీరు చెయ్యెత్తాడు. ఎర్రదీపం వెలిగింది. ఇక గాజుల గలగల కూడా రికార్డులోకి పోతుంది. కదలకండి.

తోడి రాగం ఎత్తుకుంది. గాంధారం మీద నిలిచి, దాన్ని ఊపి, వదల్లేక వదిలి కిందికి దిగింది. సభలో అయితే ఈ పాటికి ముందు వరుసలో ఎవరో "భేష్" అనేవారు. ఇక్కడ ఆమె ఎదుట ఉన్నది మైకు ఒక్కటే. వినేవాళ్లు దివిసీమలో, గుడివాడలో, తెనాలిలో పొయ్యి దగ్గరో పొలం గట్టు మీదో ఉంటారు. కనబడని వాళ్ల కోసం ఇంత శ్రద్ధగా పాడటం కచేరీ కంటే కష్టమని నా నమ్మకం.

ఈ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అంతకుముందు కృష్ణా తీరానికి తెలుగు పాట మద్రాసు కేంద్రం నుంచే రావాలి. అయితే బెజవాడకు సంగీతం రేడియోతో వచ్చింది కాదు. త్యాగరాజస్వామి శిష్యపరంపరకు చెందిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు అప్పటికే ఇక్కడ శిష్యులను తయారుచేస్తున్నారు. ఆయన దగ్గర నేర్చుకున్న మంగళంపల్లి బాలమురళీకృష్ణ, వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామి ఈ స్టూడియోలకే వచ్చారు. రామస్వామిగారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. బాలమురళిగారి చేతుల్లో 'భక్తిరంజని' కార్యక్రమం రూపుదిద్దుకుంది. తెల్లవారకుండానే రేడియో పెట్టి, ఆ పాటల మధ్యే వాకిట్లో కళ్లాపి చల్లిన తల్లులు ఈ డెల్టా నిండా ఉన్నారు. శ్రీరంగం గోపాలరత్నం గొంతు వాళ్లకు ఇంటి మనిషి గొంతే. వాగ్గేయకారులు బాలాంత్రపు రజనీకాంతరావు, మృదంగ విద్వాంసులు దండమూడి రామమోహనరావు కూడా ఈ వరండాల్లో నడిచినవారే. ఇక ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీ భారతం చెబుతుంటే వీధుల్లో నడిచేవాళ్లు కూడా ఆగి వినేవారు.

నన్ను అడిగితే, వీటన్నిటిలో గొప్పది వోలేటి వెంకటేశ్వర్లుగారి 'సంగీత శిక్షణ'. ఆయన ఒక సంగతి పాడేవారు, శిష్యులు అందుకునేవారు. తప్పు పోతే దిద్ది, మళ్లీ పాడించేవారు. అదంతా గాలిలోకి వెళ్లేది. గురువుగారి ఇంటికి వెళ్లే దారి, ఫీజు కట్టే స్తోమత లేని పల్లెటూరి పిల్ల నోటుపుస్తకంలో స్వరాలు రాసుకుంటూ ఆయనకు శిష్యురాలైపోయింది. ఏకలవ్యుడికి దొరికింది బొమ్మే; ఈ పిల్లకు గురువుగారి గొంతే దొరికింది.

కృతి ముగిసింది. చివరి తాళం తర్వాత కూడా ఎవరూ మెదలరు. ఎర్రదీపం ఆరాక మృదంగం ఆయన నిట్టూర్చి, చేతికంటిన రవ్వ దులుపుకుంటారు. గాయని అద్దం వైపు చూసి "అనుపల్లవి ఇంకోసారి చేద్దామా?" అని అడుగుతుంది. ఒకప్పుడైతే స్పూలు టేపును బ్లేడుతో కోసి అతికించేవారు. ఇప్పుడు కంప్యూటరు తెర మీద జరిగిపోతుంది. పాడేవాళ్ల పట్టుదల మాత్రం మారలేదు.

బయటికి వచ్చే ముందు ఒక మాట చెప్పాలి. జీతం తీసుకుని ప్రతిరోజూ సంగీతమే పనిగా బతికిన నిలయ విద్వాంసుల వల్ల ఈ కేంద్రానికి ఇంత పేరు వచ్చింది. వాళ్లు ఒక్కొక్కరే పదవీ విరమణ చేస్తుంటే, ఆ కుర్చీల్లోకి కొత్తవాళ్లు రావడం అరుదైపోయింది. ఇదే ఊళ్లో ఘంటసాల పేరిట ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. దానికి తొలి ప్రిన్సిపాలు బాలమురళిగారే. అక్కడ చదివి బయటికి వచ్చే పిల్లలకు ఆ స్టూడియో తలుపు తెరవండి, నిలయ విద్వాంసుల ఉద్యోగాలు మళ్లీ ఇవ్వండి అని ఆకాశవాణి పెద్దలను వేడుకుంటున్నాను.