బూడిద సెలవులు

2010 ఏప్రిల్ 15, గురువారం, మిట్టమధ్యాహ్నం. హీత్రో విమానాశ్రయంలో పెద్ద బోర్డు కింద నిలబడి తలలు లెక్కపెడుతున్నాను. ఇరవై నాలుగు. పది రోజులుగా బస్సెక్కినా దిగినా ఇదే పని. నిద్రలో కూడా లెక్కపెడుతున్నానని పక్క మంచం తెలుగు టీచరు ఫిర్యాదు. బోర్డు మీద మా హైదరాబాద్ విమానం పక్కన ‘రద్దు’ అని పడింది. దాని పైదీ అంతే, కిందదీ అంతే.

“బాంబా మేడమ్?” అంటాడు తొమ్మిదో తరగతి పొట్టోడు. గొంతులో భయం కంటే ఆశే ఎక్కువ.

బాంబు కాదు, అగ్నిపర్వతం. ఐస్‌లాండ్‌లో నిన్న మంచు కింద పేలిందట. దాని బూడిద గాలివాటుకు ఇటే వస్తోంది. పన్నెండు నుంచి బ్రిటన్ ఆకాశాన్ని మూసేశారు. ఆకాశానికి కూడా షట్టరు ఉంటుందని ఇన్నేళ్ల సైన్సు టీచరు ఉద్యోగంలో నాకు తెలియదు.

కౌంటరు ముందు క్యూలో మూడు గంటలు గడిచాయి. పిల్లలు సూట్‌కేసుల మీద కూర్చుని అంత్యాక్షరి మొదలుపెట్టారు. లెక్కల మాస్టారు మాత్రం గోడ మీది నోటీసును అక్షరం వదలకుండా చదువుతున్నారు. యూరప్ విమానాశ్రయాల నుంచి బయలుదేరే ప్రయాణికులకు 261/2004 నంబరు నిబంధన ఉందట. కారణం ఏదైనా సరే, విమానం రద్దయితే తిండీ బసా సంస్థే చూడాలట. కౌంటరు అమ్మాయి రెండు రాత్రులకు హోటల్ కూపన్లు ఇచ్చి, “ఆ తర్వాత రసీదులు దాచుకోండి” అంది. ఇరవై ఏడు మందిమి. పౌను డెబ్బై రూపాయలకు దగ్గర. నా సంచిలో గోంగూర సీసా ఒకటి మిగిలుంది.

హోటల్ ఎదురు కొట్లో అయిదు పౌన్ల ఫోన్ కార్డు కొని మా గుంటూరుకు చేశాను. అక్కడ రాత్రి పన్నెండు దాటింది. పిల్లల తల్లిదండ్రుల్లో ఒకరికి చెబితే ఆయన మిగతా అందరికీ చెప్పాలని ఏర్పాటు. చెప్పారు కూడా. కానీ తెల్లారేసరికి అందరూ విడివిడిగా నాకే చేశారు. ఒక తండ్రి అయిదు నిమిషాలు అగ్నిపర్వతం సంగతి శ్రద్ధగా విని, చివరికి, “అది సరే మేడమ్, మా వాడు పెరుగన్నం తింటున్నాడా?” అన్నారు.

శుక్రవారం పొద్దున కిటికీ తెర తీస్తే, ఉతికి ఆరేసినట్టున్న నీలాకాశం. పది రోజులుగా విమానాల తెల్లగీతలు లేకుండా చూడలేదు దీన్ని. రన్‌వే హోటల్ వెనకే ఉన్నా పిట్టల కూతలు వినిపిస్తున్నాయి.

“ఇంత శుభ్రంగా ఉంటే ఎందుకు ఆపారు?”

ఫలహారాల బల్ల దగ్గర క్లాసు తీసుకోక తప్పలేదు. ఇది పొయ్యిలో బూడిద కాదర్రా, రాతిపొడి, గాజుపొడి. విమానం ఇంజన్ లోపల వేడి 1,400 డిగ్రీలు దాటుతుంది. అంతకంటే తక్కువ వేడికే ఈ పొడి కరిగి, లోపలి రెక్కలకు అంటుకుని గాజులా గడ్డకడుతుంది. 1982 జూన్‌లో ఇండోనేషియా మీద ఒక బ్రిటిష్ జంబో విమానం ఇలాంటి మేఘంలోకే దూరింది, నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి. కిందికి జారి మేఘం దాటాక మళ్లీ అంటుకున్నాయి కాబట్టి జకార్తాలో దిగగలిగారు. ఈ కథ విన్నాక విమానం ఎప్పుడని ఆ పూట ఎవరూ అడగలేదు.

ఆ పర్వతం పేరు పలకలేక టీవీలో వార్తలు చదివేవాళ్లే తడబడుతున్నారు. ఏయాఫ్యాట్లయోకుట్ల్. దీవులు, కొండలు, హిమానీనదం, మూడు మాటలు కలిసిన పేరని పేపర్లో వేశారు. పొట్టోడు ఎగిరి గంతేశాడు. “టీచర్, ఇది సమాసం!” తెలుగు టీచరు అక్కడికక్కడే విగ్రహవాక్యం చెప్పించింది. ఐస్‌లాండ్ వాళ్లు వినుంటే ఏమనుకునేవారో.

అసలు దెబ్బ శనివారం సాయంత్రం తగిలింది.

గుంపులో ఒక అమ్మాయికి ఎనిమిదో ఏట నుంచి షుగరు. పొద్దున 20 యూనిట్లు, సాయంత్రం 12, తనే పొడుచుకుంటుంది, ఎవర్నీ దగ్గరికి రానివ్వదు. ఆ పిల్ల నా గది తలుపు కొట్టి అరచెయ్యి తెరిచింది. ఇన్సులిన్ సీసా. అడ్డంగా తిప్పితే లోపల మందు కదల్లేదు. గదిలోని చిన్న ఫ్రిజ్‌లో వెనక గోడకు ఆనించి పెట్టింది, గడ్డకట్టింది. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. ఆ సంగతి నాకంటే దానికే బాగా తెలుసు. ఇంకో సీసా అడుగున రెండు పూటలకే ఉంది.

“అమ్మకు చెప్పొద్దు మేడమ్,” అంది ముందు.

ఆదివారం పొద్దున్నే దాన్ని వెంటబెట్టుకుని, లెక్కల మాస్టారితో కలిసి, అపాయింట్‌మెంట్ లేకపోయినా చూసే క్లినిక్‌కు వెళ్లాను. డాక్టరమ్మ నెత్తురు చుక్క తీసి మీటరు చూసి “పదిహేను” అంది. నాకు ప్రాణం పోయినంత పనైంది. పదిహేనేమిటి, మనిషి బతికుంటుందా? మాస్టారు జేబులోంచి పెన్ను తీశారు. ఇక్కడి లెక్క వేరట. పద్దెనిమిదితో హెచ్చవేస్తే మన లెక్క వస్తుంది. 270. ఎక్కువే, కానీ మనకు తెలిసిన ఎక్కువ.

మందు చీటీ తీసుకుని పక్కనే ఉన్న మందుల షాపుకు వెళ్తే డబ్బు పుచ్చుకోలేదు. పదహారేళ్ల లోపు పిల్లలకు చీటీ మీద మందులు ఉచితమట. పౌన్లు తీసిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

ఇక బయటికొచ్చేద్దామనుకుంటుంటే షాపులో పెద్దాయన మా అమ్మాయి సంచిలోని సిరంజి చూశాడు. ఎర్ర మూత. అటు తిప్పి ఇటు తిప్పి, “ఇది మాత్రం వాడొద్దు” అన్నాడు. అప్పుడు చదివాను సీసా మీది అంకె. మన దగ్గర సీసాలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు, ఇక్కడ 100. ఎర్ర మూత సిరంజిలో ఇరవయ్యో గీత దాకా లాగితే అర మిల్లీలీటరు. ఈ మందులో అర మిల్లీలీటరంటే ఇరవై కాదు, యాభై యూనిట్లు. హోటల్ గదిలో, తలుపేసుకుని, ఎవర్నీ దగ్గరికి రానివ్వని పిల్ల.

ఆయన నారింజ రంగు మూత సిరంజిల పెట్టె ఇచ్చాడు. ఎర్ర మూతవన్నీ లెక్కపెట్టి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. ఆ పిల్ల కొత్త సిరంజిని వెలుతురుకు పట్టి, “గీతలు సన్నగా ఉన్నాయి మేడమ్, మీరూ చూడండి” అంది. ఇన్ని రోజుల్లో అది నన్ను చూడమనడం ఇదే మొదలు.

సోమవారానికి డబ్బు అడుగంటింది. సౌథాల్ గురుద్వారాలో మధ్యాహ్నం పప్పూ రొట్టే తిన్నాం. ఇరవై నాలుగు తలలకూ రుమాళ్లు కట్టేసరికే గంట పట్టింది. కాసిని అన్నం మెతుకులు కనబడితే కళ్లకద్దుకున్నంత పని చేశారు పిల్లలు. బ్రిటిష్ మ్యూజియంకు టికెట్టు లేదు కాబట్టి మంగళవారం అక్కడ.

అద్దాల తలుపులున్న పొడవాటి గది. లోపల లేతరంగు రాళ్లు. బోర్డు మీద అమరావతి అని చూడగానే పిల్లల నడక ఆగిపోయింది. మా ఊరికి గంట ప్రయాణం, ఏటా పిక్నిక్‌కు వెళ్లేది అక్కడికే. ఒక పలక మీద స్తూపాన్నే చెక్కారు. సింహాలు, స్తంభాలు, గాల్లో తేలే గంధర్వులు.

“ఇది మనం చూసిన దిబ్బేనా?”

అదే. మనం దాని చుట్టూ పులిహోర తిన్నాం. 1845లో వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి తవ్వించాడు, 1859లో ఇవి మద్రాసు నుంచి ఓడలో లండన్ చేరాయి, 1880లో ఈ మ్యూజియంకు వచ్చాయి. పల్నాటి సున్నపురాయి. నాపరాళ్ల వీధిలో పుట్టిన పొట్టోడు రాతి అంచును చాలాసేపు చూసి, “మా నాన్న అయితే ఏ క్వారీదో చెప్పేస్తాడు” అన్నాడు. కాపలా ఆయన చెయ్యి పెట్టొద్దని సైగ చేశాడు. వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు గానీ, “మావే అంకుల్” అని తెలుగులోనే చెప్పాడు.

ఆ రాత్రి పది కావస్తోంది. నారింజ మూతలు, సీసా, పుస్తకంలో రాసుకున్న యూనిట్లు సరిచూసి దీపం ఆర్పబోతున్నాను. దూరంగా ఏదో గొణుగుడు. పెద్దదైంది. కిటికీ అద్దం సన్నగా అదిరింది. పక్క గదిలో ఎవరో కేక వేశారు. కారిడార్లో చెప్పుల్లేని కాళ్ల పరుగు. తలుపు తీసి చూస్తే అందరూ చివరి కిటికీ దగ్గర ఒకరి మీద ఒకరు ఎక్కి ఉన్నారు. చీకట్లో రెండు దీపాలు కిందికి దిగుతున్నాయి.

అలవాటుగా లెక్కపెట్టాను. ఇరవై మూడు. గుండె ఆగినట్టయింది. వెనక నుంచి నా చీర కొంగు లాగి, “నేనిక్కడున్నా మేడమ్” అంది షుగరు పిల్ల.