గృహ సరుకులపై తేదీ చీటీలు

గృహ సరుకులపై తేదీ చీటీలు అనగా ఇంటికి తెచ్చిన ఆహార పదార్థాలు, మందులు, ఇతర వస్తువులపై కొన్న తేదీని, తెరచిన తేదీని లేదా వాడకం మొదలుపెట్టిన తేదీని వ్రాసి ఉంచే పద్ధతి. వస్తువు ఎంతకాలం నిల్వ ఉండునో, ఎన్ని రోజులకు అయిపోవునో తెలుసుకొనుటకు ఇది ఉపకరిస్తుంది. తయారీదారు ముద్రించిన తేదీకి ఇది ప్రత్యామ్నాయం కాదు, అనుబంధం మాత్రమే.

ఆవశ్యకత

ప్యాకెట్టుపై ముద్రించిన గడువు తేదీ సాధారణంగా సీలు విప్పని సరుకుకు వర్తిస్తుంది. సీలు విప్పిన క్షణం నుండి గాలి, తేమ, సూక్ష్మజీవులు లోనికి ప్రవేశించుట వలన ఆ గడువు తగ్గిపోవచ్చును. తెరచిన రోజు ఏదో తయారీదారుకు తెలియదు. అది ఇంటివారికి మాత్రమే తెలియును. కావున ఆ తేదీని వ్రాయవలసినది కూడా వారే.

కిరాణా దుకాణంలో విడిగా తూచి ఇచ్చు పప్పులు, పిండి, మసాలా దినుసులపై తరచుగా ఏ తేదీయు ఉండదు. ప్యాకెట్టు సరుకును డబ్బాలో పోసి కవరును పారవేసినచో ముద్రిత తేదీ కూడా దానితోనే పోవును.

ఆహార వృథా ఈ విషయానికి సంబంధించిన మరొక అంశం. ఐక్యరాజ్య సమితి పర్యావరణ కార్యక్రమం 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచమంతటా సుమారు 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయినది. ఇందులో దాదాపు 60 శాతం గృహాలలో జరిగినది.

ముద్రిత తేదీలు

భారతదేశంలో ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చినది. దీని క్రింద 2020లో చేసిన లేబులింగ్ నియమాలు తయారీ లేదా ప్యాకింగు తేదీతో పాటు గడువు తేదీని కూడా ముద్రించవలెనని నిర్దేశించినవి. మిఠాయి దుకాణాలలో విడిగా అమ్ము మిఠాయిల వద్ద కూడా ఏ తేదీలోగా తినుట మంచిదో ప్రదర్శించవలెనను ఆదేశం 2020 అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చినది.

ముద్రిత తేదీలలో రెండు రకాలను గుర్తించవలెను.

* 'బెస్ట్ బిఫోర్' తేదీ: రుచి, వాసన, నాణ్యతలకు సంబంధించినది. ఈ తేదీ దాటినంత మాత్రాన పదార్థం విషతుల్యం కానక్కరలేదు.
* 'ఎక్స్‌పైరీ' లేదా 'యూజ్ బై' తేదీ: దీని తరువాత వాడరాదు.

మందులపై నెల, సంవత్సరం మాత్రమే ముద్రించి ఉన్నచో ఆ నెల చివరి రోజు వరకు గడువు ఉన్నట్లు గ్రహించవలెను.

వ్రాయు విధానం

చెరగని సిరా గల మార్కరు పెన్ను, కాగితపు టేపు ఉన్నచో చాలును. సీసాలు, స్టీలు డబ్బాలపై టేపు అంటించి దానిపై వ్రాయవచ్చును. ముద్రిత తేదీ, బ్యాచి సంఖ్య మరుగుపడకుండా చూడవలెను. మూతలు తారుమారయ్యే అవకాశం ఉన్నందున చీటీని మూతపై గాక డబ్బాపైననే అంటించుట మేలు.

తేదీని వ్రాయు క్రమం కూడా ముఖ్యమే. 5-6-2025 అని వ్రాసినచో మన దేశంలో జూన్ 5 అని, అమెరికాలో మే 6 అని చదువుతారు. అక్కడి నుండి పిల్లలు మందులు, విటమిన్ మాత్రలు పంపే తెలుగు ఇళ్ళలో ఈ తికమకకు అవకాశం కలదు. నెల పేరును అక్షరాలలో వ్రాసినచో సందేహం ఉండదు.

ఒకే సరుకు రెండు డబ్బాలు ఉన్నప్పుడు పాతదానిని ముందు వరుసలో, క్రొత్తదానిని వెనుక ఉంచి, ముందు వచ్చినదానిని ముందుగా వాడవలెను. గిడ్డంగులలో పాటించు సూత్రం కూడా ఇదియే.

మందులు

తేదీ వ్రాయకపోవుట వలన ఎక్కువ హాని కలుగగలది మందుల విషయంలోనే.

* పలు కంటి చుక్కల మందులను తెరచిన ఒక నెల తరువాత వాడరాదు. సీసాలో మందు మిగిలి ఉన్నను, ముద్రిత గడువు దాటకపోయినను ఇది వర్తిస్తుంది.
* పిల్లలకు ఇచ్చు యాంటిబయాటిక్ పొడి మందును నీటితో కలిపిన తరువాత, రకాన్ని బట్టి 7 నుండి 14 రోజులలోపు వాడవలెను.
* నీటిలో కలిపిన ఓ.ఆర్.ఎస్. ద్రావణాన్ని 24 గంటల తరువాత పారవేయవలెను.
* అనేక రకాల ఇన్సులిన్ వయల్‌లను తెరచిన తరువాత సుమారు 4 వారాలు మాత్రమే వాడవలెను. కచ్చితమైన గడువుకు వాటితో వచ్చు సూచనా పత్రాన్ని చూడవలెను.

మాత్రల పట్టీని కత్తిరించి కొన్నప్పుడు గడువు తేదీ గల భాగం దుకాణంలోనే మిగిలిపోవచ్చును. అట్టి మాత్రలను ఒక కవరులో వేసి, మందు పేరును, బిల్లులో ఉన్న గడువు తేదీని దానిపై వ్రాయవలెను.

ఇతర వస్తువులు

వంట గ్యాస్ సిలిండరుపై తదుపరి పరీక్ష గడువు సంకేతరూపంలో ఉంటుంది. ఏ, బి, సి, డి అను అక్షరాలు వరుసగా సంవత్సరంలోని నాలుగు త్రైమాసికాలను, ప్రక్కన ఉన్న అంకెలు సంవత్సరాన్ని సూచిస్తాయి. ఉదాహరణకు బి-28 అనగా 2028 ఏప్రిల్-జూన్. వాహనాల టైర్లపై నాలుగంకెల సంఖ్యలో మొదటి రెండు వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 1423 అనగా 2023లోని 14వ వారం. గ్యాస్ రబ్బరు గొట్టం, నీటి ఫిల్టరు, ఇన్వర్టరు బ్యాటరీ వంటివాటిపై అమర్చిన తేదీని వ్రాసినచో మార్చవలసిన సమయం, వారంటీ మిగిలినది లేనిది తెలియును.

వాడకాన్ని లెక్కించుట

మొదలుపెట్టిన, అయిపోయిన తేదీల మధ్య రోజులను బట్టి ఇంటి ఖర్చును అంచనా వేయవచ్చును. 14.2 కిలోల సిలిండరు మార్చి 1న మొదలై ఏప్రిల్ 10న అయిపోయినచో 40 రోజులు వచ్చినట్లు. అనగా రోజుకు 355 గ్రాములు, సంవత్సరానికి సుమారు 9 సిలిండర్లు. అదే ఇంటిలో తరువాతి సిలిండరు, వంటలో మార్పు లేకుండానే, 25 రోజులకే అయిపోయినచో గ్యాస్ కారుచున్నదేమో పరీక్షించవలెను.

నిల్వతో మేలయ్యే పదార్థాలు

తేదీ వ్రాయుట పాతవాటిని పారవేయుటకే కాదు. పాత బియ్యం అన్నం పొడిపొడిగా వచ్చుననియు, క్రొత్త బియ్యం ముద్ద అగుననియు తెలుగువారికి అనుభవపూర్వకంగా తెలియును. వేసవిలో పెట్టిన ఆవకాయ ఊరిన తరువాతనే రుచికి వస్తుంది. జాడీకి వాసెన కట్టునప్పుడే సంవత్సరాన్ని వ్రాసిన చీటీ అంటించినచో నిరుటి ఊరగాయకు, ఈ ఏటిదానికి తేడా తెలియును.

పరిమితులు

చీటీ కాలాన్ని మాత్రమే తెలుపును, పదార్థం యొక్క స్థితిని కాదు. తడి గరిటె పెట్టినచో ఊరగాయ గడువుకు ముందే బూజు పట్టవచ్చును. తరచుగా కరెంటు పోయినచో ఫ్రిజ్‌లోని పదార్థాలు త్వరగా చెడిపోవును. కొన్ని హానికర సూక్ష్మజీవుల వలన రంగు, వాసన మారవు. కావున తేదీ, నిల్వ చేసిన తీరు, పదార్థ స్థితి ఈ మూడింటిని కలిపి చూడవలెను. మందుల విషయంలో మాత్రం సందేహం కలిగినచో వాడకుండుటయే క్షేమం.

ఇవి కూడా చూడండి

* ఆహార నిల్వ
* ఊరగాయ
* ఆహార కల్తీ