కోడికూరయు కొత్తపొయ్యియు



చరిత్ర యనగా కోటలు, యుద్ధములు, శాసనములు మాత్రమేయని చాలకాలము నేనును దలచితిని. నూజివీడు ప్రాంతమున బుట్టినవానికి ఆ తలపు సహజమే. మేకావారి సంస్థానపు ముచ్చట్లు చెప్పుకొనుటకు మా చిన్ననాట పెద్దలకు ప్రొద్దు చాలెడిది కాదు. ముప్పదియేండ్లు బడిలో నేను పిల్లలకు నేర్పినదియు ఆ చరిత్రయే. నేడు నేను చెప్పబోవునది వంటయింటి చరిత్ర. అందును కోడికూర చరిత్ర. శాకాహారులగు శ్రోతలు మన్నింతురుగాక. మిరపకాయ ముచ్చట వచ్చువరకు ఓపిక పట్టినచో వారికిని ఇందు కొంత భాగము గలదు.

ఈ విచారమునకు నన్ను పురికొల్పినది ఒక్క మాట. గత సంవత్సరము వేసవిలో, మామిడికాయ కోతలు ముగియు దినములలో, పట్నమునుండి మా అబ్బాయియు కోడలును వచ్చిరి. వారివెంట ఒక పెట్టెయు వచ్చినది. ముందు అద్దపు తలుపు, లోపల ఎర్రగా కాగు కడ్డీలు, ప్రక్కను త్రిప్పుడు మరలు. ఓవెను అట. ఆ ఆదివారము కోడలు కోడిముక్కలకు మసాలా పట్టించి దానిలో కాల్చి, ఎర్రగా నిగనిగలాడు పళ్లెమును మా ముందు బెట్టెను. మా అన్నగారు, వియ్యంకుడుగారు ప్రక్కనే కూర్చుండిరి. నేను పళ్లెమును వెనుకకు త్రోసి, "ఇది దొరల వంట. మన యింట ఇది చెల్లదు" అంటిని. అన్నగారు తల యూపిరి.

కోడలు కోపగించలేదు. పళ్లెము తీసికొనుచు మెల్లగా, "మామయ్యగారూ, మరి మిరపకాయ మనదేనా?" అని మాత్రము అడిగెను.

జవాబు నాకు తెలియును. ఎన్నిమారులో తరగతిలో చెప్పినదే. అయినను నోట రాలేదు. ఆ రాత్రి ఆమె అన్నము ముట్టలేదని మరునాడు తెలిసినది. అందరియెదుట అన్నమాటకు జవాబు కూడ అందరియెదుటనే చెప్పుట న్యాయము. అందుచేత ఈ ప్రసంగము.

మిరప పుట్టినిల్లు అమెరికా ఖండము. 1492లో కొలంబసు ఆ తీరములను చేరువరకు ఈ వైపు లోకమున దానిని చూచినవారు లేరు. 1498లో వాస్కో డ గామా కళ్లికోటకు వచ్చెను. 1510లో పోర్చుగీసులు గోవాను పట్టుకొనిరి. ఆ శతాబ్దములోనే వారి ఓడలమీద మిరప మన పడమటితీరమున దిగి, అచ్చటినుండి లోనాడులకు ప్రాకినది. అనగా కాకతీయులనాటి ఓరుగల్లులో మిరపకాయ లేదు. శ్రీనాథ మహాకవి పల్నాటిసీమ తిండిని ఎంత నిందించినను, మిరపకారమును నిందించుటకు ఆయనకు వీలు లేకపోయెను! కృష్ణదేవరాయలు పట్టమునకు వచ్చిన 1509 నాటికి గోవా యింకను పోర్చుగీసుల చేత పడలేదు. కొత్తగా వచ్చిన ఈ కాయకు మనవారు పాత కారమగు మిరియముపేరే పెట్టుకొనిరి. మిరియమునుండియే మిరప యను మాట యేర్పడినది. పెంపుడుబిడ్డకు ఇంటిపేరు పెట్టినట్లు. ఆ బిడ్డయే నేడు గుంటూరుకు దేశదేశముల పేరు తెచ్చినది. ఏ ఆవకాయను మనము పుట్టుకతో వచ్చిన సొత్తుగా భావింతుమో, ఆ ఆవకాయలోని యెరుపు నిండ అయిదువందల యేండ్లది కాదు.

పోనిండు, కోడియైనను మనదా? దీని మూలము ఎర్ర అడవికోడి. 2020లో వెలువడిన ఒక జన్యుపరిశోధన, నైరుతి చైనా, ఉత్తర థాయిలాండు, మయన్మారు ప్రాంతముల అడవికోడినుండి పెంపుడుకోడి పుట్టినదని తేల్చినది. కోడి తూర్పునుండి, మిరప పడమటినుండి. మన చట్టిలో వారికి కల్యాణము జరిగినది.

కోడి మాత్రము మిరపకంటె వేలయేండ్లు ముందుగా వచ్చినది. మనుస్మృతి గ్రామకుక్కుటమును ద్విజులకు నిషేధించెను. చరకసంహిత బలము నిచ్చు వస్తువులలో కోడికి అగ్రస్థానమిచ్చెను. ధర్మశాస్త్రము వలదన్నది, వైద్యశాస్త్రము కావలెనన్నది. నిషేధ మున్నదనగా తినువారును ఉన్నారనియే అర్థము. ఎవరును తినని వస్తువును ఏ స్మృతికర్తయు పనిగట్టుకొని నిషేధింపడు. ఇక పన్నెండవ శతాబ్దపు పల్నాటి కథలో కోడిపందెము రాజ్యములనే తారుమారు చేసినదని మీరందరు విన్నదే. ఆ కథను నేను మరల చెప్పను.

ఇప్పుడు అసలు ప్రశ్న. మసాలా పట్టించిన మాంసమును నీరు పోయక, కాకమీద కాల్చుట దొరలవలన వచ్చినదా? కల్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు 1126 మొదలు 1138 వరకు ఏలెను. మన తెలుగునాటిలో కొంతభాగము ఆయన ఏలుబడిలోనిదే. ఆయన పేరిట వెలసిన మానసోల్లాసములో అన్నభోగమను ప్రకరణము గలదు. మాంసపు ముక్కలను చువ్వలకు గ్రుచ్చి నిప్పులపై కాల్చు విధము అందున్నది. ఇంగువ, ఉప్పు, మిరియము, పుల్లని రసములు అందలి సంభారములు. మిరపకాయ లేదు, ఉండుటకు వీలును లేదు. పులుపు, ఉప్పు, కారము పట్టించి కాకకు బెట్టుట యను పద్ధతి మాత్రము అక్షరాల అదియే. మా కోడలు చేసినదియు అంతే గదా!

నలువైపుల మూసిన కాకయు మనకు కొత్త గాదు. మన పల్లెల దాలిగుంటలో పాలు రోజంతయు ఎర్రగా కాగుట మూసిన కాక మహిమయే. కుమ్మరి ఆవములో కుండ కాలుట అదియే. ఆవము, ఓవెను అను పేర్లకు ధ్వనిసామ్యము తప్ప చుట్టరికము లేదు. ఎవరైన ఉన్నదని వాదించినచో నమ్మకుడు. రసశాస్త్రములో కుక్కుటపుటమను నొకటి గలదు. రెండు జానల లోతు, రెండు జానల వెడల్పు గల గుంటలో పిడకలు పేర్చి ఔషధమును పుటము పెట్టుదురు. పేరున కోడి యున్నదిగాని వైద్యుడు అందులో కాల్చునది భస్మమునే. నా చిన్నతనమున మా తోట కాపలావాండ్రు మాత్రము ఆ పేరును సార్థకము చేసిరి. గాలివానకు కాయలు రాలిన రాత్రులందు వారు ఇండ్లకు పోవుటకు వీలులేదు. కోడికి ఉప్పు, పసుపు, కారము, దంచిన పచ్చిమామిడి ముక్క పట్టించి, అరటియాకులలో చుట్టి, పైన మెత్తని బంకమన్ను మెత్తి, మామిడిచితుకుల నిప్పులలో కప్పిపెట్టెడివారు. తెల్లవారుజామున మట్టిపెంకు పగులగొట్టగా వచ్చిన వాసన నాకు నేటికిని జ్ఞాపకము. మారేడుమిల్లి, అరకు కొండలలో పచ్చివెదురు బొంగులో మసాలా కోడిని కూరి, ఆకుతో మూతి బిగించి, నూనె చుక్కయైన లేక నిప్పులలో కాల్చు బొంగుచికెను నేడు బాటసారులందరును ఎరిగినదే. ఇన్ని చూచియు, అద్దపు తలుపు పెట్టినంతమాత్రాన అది దొరలదైపోయినదని నేనెట్లంటిని?

అయినచో మన యిండ్లలో కోడి యనగానే పులుసు, ఇగురు తప్ప కాల్పుడు ఏల లేదాయెను? ఈ ప్రశ్నకు నేను చాల దినములు తడుముకొంటిని. జవాబు గ్రంథములలో గాక మా పెరటిలోనే యుండెను. నాటుకోడిని లేతవయస్సున కోయువారెవరు? గ్రుడ్లు మానిన పెట్టనో, ముదిరిన పుంజునో పట్టుకొందుము. పెరడంతయు తిరిగి గట్టిపడిన కండ అది. మట్టిచట్టిలో నీటితో సన్నని సెగపై గంటలకొలది ఉడికినగాని దాని నరము మెత్తబడి పులుసునకు జిగి యీయదు. పొడికాకలో అది తోలగును. రెండవ కారణము ఇంకను బలమైనది. కోడి ఒకటి, తినువారు పదిమంది. అల్లుడు వచ్చినను, సంక్రాంతి వచ్చినను కోడి ఒక్కటియే. కాల్చినచో ముగ్గురికి చాలును. పులుసు పెట్టినచో గారెలతో, జొన్నన్నముతో పదిమందికి సరిపోవును. మన వంటను నిర్ణయించినది ఆచారమని మనము గర్వపడుదుము. చాలమట్టుకు దానిని నిర్ణయించినవి ముదురు కోడియు, పెద్ద సంసారమును.

నేడు పూటకూళ్లలో ఎర్రగా వచ్చు తందూరీ కోడి కథ వేరు. తందూరు ప్రాచీనమే, రాజస్థానములోని కాలీబంగన్ తవ్వకములందు సింధునాగరికతనాటి అటువంటి మట్టిపొయ్యిలు బయటపడినవి. కాని చాలకాలము అది ప్రధానముగా రొట్టెల పొయ్యి. పెషావరులోని మోతీమహల్ అను భోజనశాలలో పనిచేసిన కుందన్‌లాల్ గుజ్రాల్, 1947 దేశవిభజనలో సర్వము విడిచి ఢిల్లీకి వచ్చి, సహచరులతో దరియాగంజిలో అదే పేరిట భోజనశాల తెరచెను. తందూరీ కోడికి దేశమంతట వ్యాప్తి అచ్చటినుండియే. అచ్చటి వంటలలో వెన్నకోడిని ఎవరు కనిపెట్టిరను తగవు 2024లో ఢిల్లీ హైకోర్టు నెక్కినది. కోడి విషయమున న్యాయస్థానము మెట్లెక్కువారు మా కుటుంబములోనే కాదు, ఇతరత్రయు నున్నారని సంతోషించితిని.

ఆ వంట పల్లెకు దిగివచ్చుటకు లేతకోడి కావలెను. దానిని కల్పించినవారిలో మన తెలుగువాడొకడు ముఖ్యుడు. బండా వాసుదేవరావుగారు 1971లో పూనాలో వెంకటేశ్వర హేచరీస్ స్థాపించిరి. గ్రుడ్ల రైతులకు న్యాయమైన ధరకై 1982లో ఏర్పడిన జాతీయ సమన్వయ సంఘమునకు ప్రాణము పోసినదియు ఆయనయే. ఆరువారములలో రెండుకిలోల బరువుకు వచ్చు బ్రాయిలరు కోడి ఆ మార్గముననే ఊరూర వెలసినది. దాని రుచిని నేను పొగడను. నాటుకోడి ముందు అది చప్పిడిదే. కాని పొడికాకకు తగిన కండ దానిదే.

ఈ భేదము తెలియక నేనొక పొరపాటు చేసితిని. కార్తికము వెళ్లిన తరువాత, కోడలు లేని సమయమున, ఒక నాటుపుంజును తెచ్చి నేనే ఓవెనులో గంటసేపు కాల్చితిని. నా నోట మిగిలిన పండ్లలో ఒకటి ఆ పూటతో సెలవు తీసికొన్నది. అంతట సిగ్గు విడిచి కోడలికి ఫోను చేసి, పద్ధతి అడిగి వ్రాసికొంటిని.

ఆమె చెప్పినది ఇట్లు. ఒక కిలో కాలిముక్కలకు చర్మము తీసి, కత్తితో ఎముకవరకు గాట్లు పెట్టవలెను. చెంచాన్నర ఉప్పు, అరచెంచా పసుపు, రెండు చెంచాల కారము, రెండు చెంచాల అల్లము వెల్లుల్లి ముద్ద, చెంచా ధనియాలపొడి, కొంచెము లవంగము దాల్చినచెక్కల పొడి. ఒక కప్పు పెరుగును గుడ్డలో కట్టి నీరు దిగనిచ్చి కలుపవలెను. నీటిపెరుగైనచో ముక్క కాలదు, ఉడుకును. పులుపునకు నిమ్మ చెప్పినది. అచ్చట నేను అడ్డు తగిలితిని. మా తోటలో గాలికి రాలిన కాయలను చెక్కి, కోసి ఎండబెట్టిన ఒరుగులు ఇంటినిండ నుండగా నిమ్మ యెందుకు? ఒరుగులు దంచిన పొడి రెండు చెంచాలు చాలును. వేసవిలో పచ్చికాయ కోరు వేయవచ్చును గాని, అది గంటకు మించి నాననిచ్చినచో కండ పైభాగము పిండియగును. రంగుపొడి అక్కరలేదు, మంచి కారమే రంగు. నాలుగు గంటలు చల్లని పెట్టెలో ఊరవలెను. ఓవెనును పావుగంట ముందుగా 220 డిగ్రీలకు కాచి, ముక్కలను ఇనుపజల్లిపై పరచి, క్రింద పళ్లెముంచి, నలువది నిమిషములు కాల్చవలెను. నడుమ ఒకమారు త్రిప్పి నూనె పూయవలెను. ఎముకదగ్గర వేడి 74 డిగ్రీలకు వచ్చినగాని తినరాదు. అది కొలుచు సూది లేనివారు గ్రుచ్చి చూడవలెను: ఊరిన రసము ఎర్రగా నున్నచో ఇంకను కాలవలెను. బయటకు తీసిన పిదప పది నిమిషములు ముట్టరాదు. ఇది అన్నిటికంటె కష్టమైన నియమము.

ఈ సంవత్సరము వైశాఖమున వారు మరల వచ్చిరి. ఆ ఆదివారము ఒరుగులపొడి దంచినవాడను నేను, గాట్లు పెట్టినది మా అబ్బాయి, పెట్టెముందు నిలిచినది కోడలు. తలుపు తెరవగానే వచ్చిన వాసనకు నా కన్నులు చెమర్చినవి. అరటియాకును, మట్టిపెంకును లేవుగాని మిగిలినదంతయు ఆ తోటరాత్రులదే. పళ్లెము ముందుకు లాగికొని, కోడలివైపు చూచి, "అమ్మాయీ, నిరుడు నేనన్నమాట తప్పు. మిరపకాయ మనది కాదు, ఈ వంట మనదే" అంటిని. ఆమె నవ్వి, "ముందు తినండి మామయ్యగారూ, చల్లారిపోతుంది" అనెను.

అన్నగారు ఆనాడు రాలేదు. ఒంట్లో నలతగా నున్నదని కబురంపిరి. నలతయో, నిరుటి తల యూపుటయో నేను చెప్పజాలను. గిన్నెలో నాలుగు ముక్కలు పెట్టి మూత వేసి మనవనితో పంపితిని. సాయంకాలము గిన్నె తిరిగి వచ్చినది. ముక్కలు లేవు. వట్టిగిన్నె పంపరాదని కాబోలు, అన్నగారి చెట్టు చిన్నరసములు నాలుగు అందులో నుండెను.