మోటుపల్లి రేవున అభయశాసనము

మొదటిసారి ఓడ యెక్కబోవువారి సందేహములు మన మెరిగినవే. కడుపులో త్రిప్పునా? గాలివాన పట్టినచో గతి యేమి? సామాను ఎంత తీసికొనిపోవచ్చును? దిగినచోట సుంకమువారు ఏమి పుచ్చుకొందురు? విశాఖపట్టణమున 2023లో విహారనౌకలకు ప్రత్యేకముగా రేవు ఏర్పడినది గనుక జనగామ, మహబూబాబాదు ఇండ్లలోను ఈ మాటలు వినబడుచుండవచ్చును. వీనిలో గాలివాన ప్రశ్నకును, సుంకము ప్రశ్నకును సముద్రము లేని ఈ సీమ నేలిన రాజొకడు ఇంచుమించు 780 ఏండ్ల క్రిందటనే జవాబు చెక్కించెను.

ఆయన కాకతి గణపతిదేవుడు. ఓరుగల్లున 1199 మొదలు 1262 వరకు రాజ్య మేలెను. భూపాలపల్లి జిల్లాలో కోటగుళ్లున్న గణపురము ఆయన పేరిట వెలసినదే యని ప్రసిద్ధి. ఓరుగల్లునుండి మోటుపల్లి రేవు, నేటి బాపట్ల జిల్లాలోనిది, తిన్నగా కొలిచినను 260 కిలోమీటర్లు.

ఆనాటి ఓడవాని భయము సముద్రముతో తీరెడిది కాదు. తుపానున ఓడ విరిగి పరాయి ఒడ్డున పడినచో, అందలి బంగారము, గుర్రములు, ఏనుగులు, రత్నములు సమస్తమును ఆ తీర మేలు రాజు పట్టుకొనెడివాడు. ప్రాణములతో బయటపడినవాడు తన సరకు తరలిపోవుట ఇసుకలో నిలిచి చూడవలసినదే! దీనిని దోపిడి యనరు, ఆచార మనిరి.

శక సంవత్సరము 1166, అనగా 1244-45లో, గణపతిదేవుడు మోటుపల్లిలో శాసనము వేయించెను. పూర్వరాజులు చేసినపని దాచక చెప్పి, నిర్ణయించిన సుంకము తప్ప తాము వేరేమియు గైకొనమని అందు అభయ మిచ్చెను. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట ఒకవంతు. చందనము, కర్పూరము, పన్నీరు, దంతము, పగడములు, పట్టు, మిరియములు మొదలగువానికి వేరువేరుగా పట్టికయు కలదు. ఒడ్డుకు రాకముందే చెల్లింపు ఎంతయో తెలియుట వర్తకునకు ఎంత ఊరటయో ఊహింపవచ్చును. దయచేత, కీర్తికొరకు, ధర్మముకొరకు ఇట్లు చేసితినని రాజు చెప్పుకొనెను. ఓడలు రానిచో సుంకమును రాదను లెక్క కూడ అందు ఉండెననియే నా తలంపు.

ఆ లెక్క తప్పలేదు. ఆ శతాబ్దపు తుదిభాగమున వచ్చిన వెనిస్ యాత్రికుడు మార్కోపోలో ఈ రాజ్యమును రేవుపేరిటనే ముత్ఫిలి యని పిలిచి, అచ్చటి సన్నని నేతబట్టలను సాలెగూటితో పోల్చెను.

మిగిలిన ప్రశ్న ఒకటి: పరాయి రేవున ప్రాణము పోయినచో సొత్తు ఎవరిది? కాకతీయులు పోయిన పిమ్మట, 1358లో, రెడ్డిరాజగు అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో మరియొక శాసనము వేయించి, కొడుకులు లేక మరణించినవాని ధనమును రాజు గైకొను అపుత్రికమను పన్నును వర్తకులకు తొలగించెను.