రాతి తొట్టిలో కొండమొక్కలు

ఆల్ప్స్ కొండల్లో చెట్టన్నది మొలవనంత ఎత్తున బతికే మొక్కలకు చలి ఒక లెక్క కాదు. నెలల తరబడి మంచు కింద పొడిగా పడుకుంటాయి. వాటి ప్రాణం తీసేది ఇంగ్లండు చలికాలపు ముసురే. వేళ్ల దగ్గర నీళ్లు నిలిచాయంటే కుళ్లిపోతాయి.

అందుకే అక్కడి తోటమాలులు మొదట రాళ్లను నమ్ముకున్నారు. లండన్‌లోని చెల్సీ ఫిజిక్ గార్డెన్‌లో 1773లో కట్టిన రాళ్లతోటకు వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్యాంక్స్ ఐస్‌లాండ్ నుంచి తెచ్చిన లావా రాళ్లు కూడా వాడారు. తర్వాత ఇది కలిగినవాళ్ల ముచ్చటయింది. హెన్లీలోని ఫ్రయర్ పార్క్‌లో సర్ ఫ్రాంక్ క్రిస్ప్ ఏకంగా మాటర్‌హార్న్ శిఖరం నమూనానే కట్టించాడు. చిన్న పెరడున్నవాళ్లకు అదంతా ఎక్కడ కుదురుతుంది?

వాళ్లకు దారి చూపినవాడు క్లారెన్స్ ఎలియట్. 1907లో స్టీవెనేజ్‌లో సిక్స్ హిల్స్ నర్సరీ పెట్టాడు. పొలాలకు కొళాయి నీళ్లు, రేకు తొట్లు వచ్చాక పశువులు నీళ్లు తాగే రాతి తొట్లు, వంటిళ్లలోని రాతి సింకులు మూలపడ్డాయి. వాటిలో కొండమొక్కలు పెంచడాన్ని 1920లు, 30లలో ఆయన జనానికి అలవాటు చేశాడు. ఆల్పైన్ గార్డెన్ సొసైటీ పుట్టిందీ ఆ రోజుల్లోనే, 1929లో.

తొట్టి వల్ల జరిగిన అసలు మేలు మట్టి విషయంలో అంటాను. పెరట్లో ఏ మట్టి ఉంటే దానికే సర్దుకోవాలి. తొట్టిలో మనం కలిపిందే మట్టి. సున్నం కోరే శాక్సిఫ్రేజ్‌కు ఒక తొట్టి, సున్నం గిట్టని చైనా జెంటియన్‌కు పక్కనే ఇంకొకటి. వెండిరంగు శాక్సిఫ్రేజ్ ఆకును వంగి చూడండి. అంచు పొడవునా సన్నని తెల్లచుక్కలు వరసగా కనిపిస్తాయి. ఆకు రంధ్రాల్లోంచి ఊరిన నీరు ఆరిపోగా మిగిలిన సున్నం అది! తొట్టి అడుగున చిల్లు, దాని మీద పెంకులు, ఆపైన గులకరాళ్లు దండిగా కలిపిన మట్టి, మొక్క మొదలు చుట్టూ కంకర పొర. ఎంత వాన కురిసినా నీళ్లు నిలవవు.

పాత తొట్లు దొరకడం కష్టమయ్యేసరికి నకలు తయారైంది. సిమెంటు, ఇసుక, పీట్ (చిత్తడి నేలల్లో కుళ్లిన నాచు) కలిపి అచ్చుపోస్తే టూఫా అనే బెజ్జాల సున్నపురాయిని పోలిన హైపర్‌టూఫా వస్తుంది. పింగాణీ సింకులకు జిగురు పూసి, పైన దీన్నే మెత్తుతారు. పీట్ తవ్వకంతో చిత్తడి నేలలు పాడవుతున్నాయని ఇప్పుడు కొందరు కొబ్బరి పొట్టు వాడుతున్నారు. పూర్తిగా గట్టిపడకముందే వైరు బ్రష్‌తో రుద్దితే నునుపు పోయి రాతి గరుకుదనం వస్తుంది. నాటడానికి మాత్రం తొందరపడకూడదు. కొత్త సిమెంటులోంచి ఊరే క్షారం వేళ్లకు చేటు. కొన్ని వారాలు తొట్టిని ఆరుబయట వానకు వదిలేసి, ఆ ఘాటు కొట్టుకుపోయాకే మొక్క పెట్టాలి.