పాసుబుక్కు ఆయనది, అప్పు ఆమెది

2008-09 ప్రపంచ ఆర్థిక మాంద్యం మన దేశాన్ని పెద్దగా తాకలేదనే మాట ఇప్పుడు తరగతి గదుల్లో కూడా స్థిరపడిపోయింది. మన బ్యాంకులు కూలలేదు, అభివృద్ధి రేటు కొంత తగ్గి మళ్ళీ లేచింది, ప్రభుత్వం సకాలంలో ఉద్దీపన ప్యాకేజీలు ప్రకటించింది. ఇదీ కథ. చరిత్ర పాఠం చెప్పుకుని బతికేదాన్ని కాబట్టి ఈ కథను నేనూ చాలాసార్లు విన్నాను. కానీ నేను పుట్టి పెరిగిన కరీంనగర్ జిల్లా, ఉద్యోగం చేసిన ఆదిలాబాద్ జిల్లా ఈ కథలో ఇమడవు. (2016 విభజనకు ముందున్న ఉమ్మడి జిల్లాల గురించే మాట్లాడుతున్నాను.) అక్కడ దెబ్బ తగిలింది. అయితే అది ఏ లెక్కలోకీ ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదని వెతుక్కుంటూ పోతే ప్రతి మలుపులోనూ నాకొక కాగితం ఎదురైంది. ఆ కాగితం మీద ఎవరి పేరు ఉందన్నదే అసలు సంగతి అని నెమ్మదిగా అర్థమైంది.

ముందు ఢిల్లీలో ఏం జరిగిందో గుర్తు చేసుకుందాం. 2008 సెప్టెంబర్ 15న అమెరికాలో లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. అక్టోబర్ నుంచి మన ఎగుమతులు పడిపోవడం మొదలై దాదాపు ఏడాది పాటు పడుతూనే వచ్చాయి. కేంద్ర ప్రభుత్వం 2008 డిసెంబర్ 7న, 2009 జనవరి 2న, ఫిబ్రవరి 24న మూడు విడతలుగా రాయితీలు ప్రకటించింది. సెన్వాట్ 4 శాతం తగ్గింది. వస్త్రాలు, చేనేత, తోలు వంటి రంగాల ఎగుమతిదారుల అప్పుల మీద 2 శాతం వడ్డీ రాయితీ వచ్చింది. రిజర్వు బ్యాంకు తన రెపో రేటును ఆరు నెలల్లో 9 శాతం నుంచి 4.75 శాతానికి దించింది. అదే సమయంలో లేబర్ బ్యూరో ఒక సర్వే చేసి 2008 అక్టోబర్-డిసెంబర్ మధ్య దాదాపు 5 లక్షల ఉద్యోగాలు పోయాయని చెప్పింది. అది గనులు, వస్త్రాలు, లోహాలు, రత్నాభరణాలు, ఆటోమొబైల్ వంటి కొన్ని రంగాల్లో ఎంపిక చేసిన యూనిట్లను చూసి వేసిన అంచనా. ఇంటి అరుగు మీద చాట పెట్టుకుని కూర్చున్న ఆడమనిషి యూనిట్ కాదు. చేనులో నడుముకు సంచి కట్టుకున్న మనిషి అసలే కాదు.

మా జిల్లాలకు మాంద్యం వచ్చింది దుబాయి దారిలో. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, ఇటు నిర్మల్, ఖానాపూర్ ప్రాంతాల్లో గల్ఫ్ మీద ఆధారపడని ఊరు వెతికినా కష్టమే. 2008 చివరికి దుబాయిలో భవన నిర్మాణాలు ఒకదాని వెంట ఒకటి ఆగిపోయాయి. 2009 నవంబర్‌లో దుబాయి వరల్డ్ సంస్థ అప్పు కట్టడానికి గడువు అడగడంతో ప్రపంచమంతా ఉలిక్కిపడింది. మా ఊళ్ళు ఉలిక్కిపడి అప్పటికే ఏడాది దాటింది. పదో తరగతి పాసు కాని కూలీలు గల్ఫ్‌కి వెళ్ళడానికి ప్రభుత్వం ఇచ్చే ఎమిగ్రేషన్ క్లియరెన్సులు దేశం మొత్తం మీద 2008లో 8 లక్షల 48 వేలు. 2009లో అవి 6 లక్షల 10 వేలకు తగ్గాయి. ఇది వెళ్ళినవాళ్ళ లెక్క. వెళ్ళేటప్పుడు ముద్ర వేసే ఏర్పాటు ఉంది గానీ పని పోయి తిరిగొచ్చినవాళ్ళను లెక్కపెట్టే రిజిస్టరు లేదు. పైగా దేశానికి అందిన ప్రవాసుల సొమ్ము 2007-08లో దాదాపు 4,350 కోట్ల డాలర్లుంటే 2008-09లో 4,690 కోట్లకు పెరిగింది. రూపాయి విలువ తగ్గడం, తిరుగుముఖం పట్టినవాళ్ళు దాచుకున్నదంతా పంపేయడం కూడా అందుకు కారణాలు కావచ్చు. అంటే ఇల్లు కూలేముందు ఊడ్చుకొచ్చిన సామాను కూడా జాతీయ ఖాతాలో ఆదాయంగానే కనబడింది.

మా చిన్నమ్మ ఇల్లు జగిత్యాలకు దగ్గర్లో. 2009 ఎండాకాలంలో చిన్నాయన దుబాయి నుంచి వచ్చాడు. మూడు నెలల జీతం కంపెనీ దగ్గరే ఉండిపోయింది. వీసా కోసం తెచ్చిన అప్పు సగం కూడా తీరలేదు. సిగ్గుతో చాలా రోజులు ఆయన గడప దాటలేదు. చిన్నమ్మ పెళ్ళి కాకముందు నుంచీ బీడీలు చేస్తుంది. ఆయన గల్ఫ్‌లో ఉన్న కాలంలో కొంచెం తగ్గించింది. ఆయన రావడంతో మళ్ళీ పొద్దున నాలుగింటికి ఆకు తడపడం మొదలుపెట్టింది. ఆకు కత్తిరించడానికి పెద్దకూతురిని కూడా కూర్చోబెట్టింది. ఇన్నేళ్ళలో నీ సంపాదన ఎంతయి ఉంటుందని నేనడిగితే ఆమె వింతగా చూసింది. "ఆయన పంపినయి ఆయన పైసలు. నేను చేసినయి ఇంట్ల ఖర్చు. దానికి లెక్కేంది బిడ్డా?" అంది.

ఈ మాట నాతోనే ఉండిపోయింది. మాంద్యం దెబ్బ తిన్న మగవాళ్ళ ఇళ్ళను ఆ రెండేళ్ళు నిలబెట్టింది ఈ 'ఇంట్ల ఖర్చే'. బీడీ దేశంలోపలే కాల్చే సరుకు, అమెరికాలో బ్యాంకు కూలితే దాని గిరాకీ పడిపోదు. సిరిసిల్లలో మగవాళ్ళు సాంచాల మీద, ఆడవాళ్ళు బీడీల మీద అన్న పద్ధతి ముందునుంచీ ఉంది. సాంచా ఆగినప్పుడల్లా చాటే పొయ్యి వెలిగించింది. గల్ఫ్ ఆగినప్పుడూ అదే జరిగింది. కానీ ఆమె రోజుకు వెయ్యి బీడీలు చేసినా అందులోంచి బాగాలేవని ఏరి పక్కన పడేసినవి పోగా మిగిలినవాటికే కూలి. ఆకు తక్కువైతే సొంత డబ్బుతో కొనుక్కోవాలి. ఉద్దీపన అనేమాటకు నిజమైన అర్థం వెతకాలంటే ఇక్కడ వెతకాలి. ఆ ప్యాకేజీ ఖర్చు ఆమె నడుము, ఆమె కళ్ళు, ఆమె కూతురి బడి.

ఇక ఆదిలాబాద్‌కు మాంద్యం వచ్చింది పత్తి దారిలో. ప్రపంచ మార్కెట్లో దూది ధర 2008 చివరికి పౌనుకు 60 సెంట్ల లోపుకి పడింది. మన పత్తి ఎగుమతులు 2007-08లో 88 లక్షల బేళ్ళు దాటినవి ఆ మరుసటి ఏడాది 35 లక్షల బేళ్ళకు పడిపోయాయి. ఆ ఏడాది కేంద్రం మద్దతు ధరను బాగా పెంచింది. పొడుగు పింజ రకానికి క్వింటాలు 2,030 రూపాయల నుంచి 3,000కు, మధ్యరకానికి 1,800 నుంచి 2,500కు. బయట ధర లేకపోవడంతో కాటన్ కార్పొరేషన్ (సీసీఐ) దేశవ్యాప్తంగా దాదాపు 89 లక్షల బేళ్ళ పత్తి కొనాల్సి వచ్చింది. ఆ కొనుగోళ్ళే లేకపోతే ఆదిలాబాద్ రైతు గతి ఏమయ్యేదో ఊహించలేం. ప్రభుత్వం మంచి పని చేసినప్పుడు మంచి అనే చెప్పాలి.

అయితే ఆ మద్దతు ఎక్కడి దాకా వచ్చి ఆగింది? మార్కెట్ యార్డులో కాంటా దాకా. పత్తిలో తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర, ఆపైన ఒక్కో శాతానికి కోత, 12 దాటితే కొనరు. కాగితం మీద ఇదొక చిన్న నిబంధన. ఇంట్లో అది ఎంత పనో ఇచ్చోడ వైపు ఊళ్ళలో చూశాను. మంచులో తడిసిన పత్తిని ఏరి తెచ్చి, ఉన్న రెండు గదుల్లో ఒకదాన్ని దానికి ఇచ్చేసి, పొద్దెక్కగానే వాకిట్లో పరిచి, తిరగేసి, మబ్బు పడితే పరుగున లోపలికి ఎత్తి, రాత్రి ఆ నూగు దురదలోనే పిల్లల్ని పడుకోబెట్టుకునేది ఆడవాళ్ళు. ఆ 8 శాతం సాధించినందుకు కూలి లేదు. కూలికి ఏరే వాళ్ళకు కిలోల లెక్కన డబ్బులు. ఎండిన కాయ డిప్పల మొనలు గుచ్చుకుని వేళ్ళు పగిలినా తూకం తూకమే. మద్దతు ధర దాదాపు సగం పెరిగిన ఏడాది ఏరుడు కూలి కూడా అంతే పెరగాలని చెప్పే ఉత్తర్వేదీ లేదు. ఇక విత్తనాలు, ఎరువులు అరువు తెచ్చుకున్న కౌలురైతులు ఊళ్ళోని వ్యాపారికే అతను చెప్పిన ధరకు పత్తి పోశారు. వాళ్ళ పేరు మీద పాసుబుక్కు లేదు.

తర్వాత కథ ఇంకా విచిత్రం. 2009-10లో ప్రపంచ ధరలు కోలుకున్నాయి. మిల్లుల ఒత్తిడితో 2010 ఏప్రిల్‌లో కేంద్రం ముందు దూది ఎగుమతి మీద సుంకం వేసింది. అదే నెల 19న ఎగుమతుల నమోదునే ఆపేసింది. అక్టోబర్‌లో 55 లక్షల బేళ్ళకు పరిమితి పెట్టి మళ్ళీ తెరిచింది. 2011 మార్చిలో ప్రపంచ ధర పౌనుకు 2 డాలర్లు దాటింది. ఆ ధర చూసి చాలామంది ఉన్న కంది, జొన్న తీసేసి మరీ పత్తి వేశారు. 2011-12లో వానలు సరిగా పడలేదు, ధరా దిగిపోయింది. 2012 మార్చిలో మరోసారి ఎగుమతి నిషేధం పెట్టి వారంలోనే వెనక్కి తీసుకున్నారు. తలుపు తెరిచేది, మూసేది ఢిల్లీ. జొన్న పోయిన ఇంట్లో రొట్టెకు పిండి వెతుక్కునేది మాత్రం ఆమె.

అప్పుల సంగతికి వద్దాం. మాంద్యానికి కొద్ది నెలల ముందు, 2008 బడ్జెట్లో కేంద్రం రైతుల రుణమాఫీ ప్రకటించింది. మొత్తం అంచనా 70 వేల కోట్ల రూపాయలు దాటింది. ఆంధ్రప్రదేశ్ అందులో పెద్ద వాటా పొందింది. ఆ మాఫీ బ్యాంకులు, సహకార సంఘాలు ఇచ్చిన వ్యవసాయ రుణాలకే. అలాంటి రుణం దొరకాలంటే భూమి కాగితం కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబర్ నుంచే హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కూతురికి చట్టప్రకారం హక్కుంది. అయినా ఊళ్ళో పాసుబుక్కులు తిరగేస్తే తండ్రులు, భర్తలు, కొడుకులే కనబడతారు. మహిళా సంఘాల అప్పుల విషయంలో నిబంధన మరీ సూక్ష్మమైనది. ఏ సభ్యురాలు వ్యవసాయానికి ఎంత తీసుకుందో బ్యాంకు విడిగా లెక్క ఉంచి ఉంటేనే ఆ అప్పు మాఫీకి అర్హం. సంఘాన్ని ఒక మనిషిగా చూసి అప్పిచ్చిన చోట అలాంటి లెక్క ఉంటుందా? సూక్ష్మరుణ కంపెనీల అప్పుల మాట సరేసరి. అవి మాఫీ పరిధిలోనే లేవు.

సరిగ్గా ఈ సంవత్సరాల్లోనే ఆ కంపెనీలు మన ఊళ్ళలో విపరీతంగా పెరిగాయి. పావలా వడ్డీ పథకం కోసం కూడగట్టిన మహిళా సంఘాలు వాళ్ళకు తయారుగా దొరికాయి. బ్యాంకులు ఈ కంపెనీలకు ఇచ్చిన అప్పు ప్రాధాన్యతా రంగం కింద జమ అయ్యేది. రెపో రేటు 4.75కు దిగిందని చెప్పుకున్నాం కదా. ఆ చవకదనం ఎగుమతిదారు దాకా వెళ్ళింది గానీ వారం వారం కిస్తీ కట్టే ఆమె దాకా రాలేదు. 2010 జూలైలో హైదరాబాద్‌లోని ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ షేరు ఒక్కోటి 985 రూపాయలకు అమ్ముడైంది. అదే అక్టోబర్‌లో, అప్పుల వేధింపులకు ఆత్మహత్యలు జరుగుతున్నాయన్న ఫిర్యాదుల మధ్య రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. 2011లో రిజర్వు బ్యాంకు ఈ వడ్డీకి గరిష్ఠ పరిమితి పెట్టింది, 26 శాతం! దుబాయి వీసా అప్పు తీర్చడానికి, పత్తి మందుల బాకీ తీర్చడానికి ఈ డబ్బే వాడారు. పాసుపోర్టు ఆయనది, పాసుబుక్కు ఆయనది. ఫొటో అతికించి వేలిముద్ర వేసిన అప్పు కాగితం ఒక్కటే ఆమెది. కిస్తీ తప్పితే వచ్చి కూర్చునేది తోటి ఆడవాళ్ళే కాబట్టి ఆ అవమానం కూడా ఆమెదే.

ఆయన చచ్చిపోతే? 2004 జూన్‌లో వచ్చిన 421 నంబరు జీవో ప్రకారం ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి అప్పట్లో లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి మరో 50 వేలు ఇచ్చేవారు. ఆ డబ్బు కోసం అతను రైతే అని, అప్పు వ్యవసాయానిదే అని, చావు అప్పువల్లే అని నిరూపించాల్సిన భారం భార్యది. కౌలు నోటిమాట. వడ్డీ వ్యాపారి రసీదు ఇవ్వడు. బతికుండగా ఏ కాగితం మీదా పేరు లేని మనిషి, భర్త పోయాక అన్ని కాగితాలూ పట్టుకుని తిరగాలి.

ఇంతా చెప్పి, కాగితంలో ఏముందిలే అనగలమా? అనలేం. ఒక ఉదాహరణ చూడండి. ఇంట్లో కూర్చుని బీడీలు చేసేవాళ్ళు మా కార్మికులే కాదని యజమానులు వాదించారు. ఆ వాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1985లో, పి.ఎం. పటేల్ అండ్ సన్స్ కేసులో, ఇంట్లో పనిచేసినా వాళ్ళు ఉద్యోగులే, భవిష్యనిధి వర్తిస్తుందని కోర్టు తేల్చింది. అలా మా చిన్నమ్మలాంటి వాళ్ళ చేతికి పీఎఫ్ నంబరు వచ్చింది. భర్త పేరుతోనో, సంఘం పేరుతోనో కాకుండా, పనిమనిషిగా కాకుండా, కార్మికురాలిగా తన పేరుతో వచ్చిన కాగితం అది. మా వైపు పెళ్ళి సంబంధాల్లో పిల్లకు పీఎఫ్ ఉందా అని అడిగేవాళ్ళంటే దాని విలువ ఏమిటో తెలుస్తుంది. 30 ఏళ్ళ తర్వాత, 2015లో, తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు ఆసరా కింద నెలకు వెయ్యి రూపాయల పింఛను ఇచ్చినప్పుడు వెతికింది ఆ నంబరునే. నంబరు లేనివాళ్ళు, అవే బీడీలు అన్నేళ్ళూ చేసినా, బయటే ఉండిపోయారు.

2025 ఆగస్టులో అమెరికా మన వస్త్రాల మీద 50 శాతం సుంకం వేస్తున్నట్టు ప్రకటించగానే కేంద్రం దూది దిగుమతి మీద ఉన్న 11 శాతం సుంకాన్ని తాత్కాలికంగా ఎత్తేసింది, మిల్లులకు ఊరట అంటూ. ఆ ఖరీఫ్ పత్తిని సీసీఐకి అమ్ముకోవడానికి ఫోన్లో 'కపాస్ కిసాన్' యాప్‌లో పేరు నమోదు చేసుకోవాల్సి వచ్చింది. పేరు కావాలంటే మళ్ళీ భూమి రికార్డు కావాలి. కాబట్టి ఈసారి మాంద్యం గురించి రాయబోయే మన అమ్మాయిలకు ఒక మాట చెప్పాలనుంది. అభివృద్ధి రేటు, ఎగుమతుల పట్టిక తప్పకుండా చూడండి. దాంతోపాటు ఊళ్ళోకి వెళ్ళి పట్టా, వీసా, రుణపత్రం, పీఎఫ్ చీటీ, నాలుగూ పక్కపక్కన పెట్టి పేర్లు చదవండి. లాభం ఎవరి పేరున రాశారో, బాధ్యత ఎవరి పేరున రాశారో అక్కడే తేలిపోతుంది.