పోలాల అమావాస్య నాటి పసుపు గీత

1868 ఆగస్టు 18, మంగళవారం. శ్రావణ బహుళ అమావాస్య, మన ఇళ్లలో పోలాల అమావాస్య. పొద్దున తొమ్మిదింటి ప్రాంతంలో గుంటూరు నుంచి బందరు దాకా చీకటి కమ్మింది. సంపూర్ణ సూర్యగ్రహణం. నడుమనున్న మా పామర్రులోనూ కోళ్లు గూటికి చేరే ఉంటాయి, ఊరగాయ జాడీల మీద దర్భలు పడే ఉంటాయి. ఆ సంగతి రాసిపెట్టినవాళ్లు మాత్రం ఊళ్లో లేరు. రాసుకునేవాళ్లంతా అటు గుంటూరులోనూ ఇటు బందరులోనూ దుర్భిణులకు కళ్లప్పగించి ఉన్నారు. అప్పటికి గుంటూరు జిల్లా వేరుగా లేదు, 1859 నుంచి రెండూ కృష్ణా జిల్లాలోనివే. కాబట్టి ఈ కథ ఒకే జిల్లాది.

గుంటూరులో ఓ ఫ్రెంచి వర్తకుడి ఇంటి మేడమీద మకాం పెట్టినవాడు ఖగోళ శాస్త్రవేత్త పియర్ జాన్సెన్. అదే ఊళ్లో మేజర్ టెన్నంట్ నాయకత్వాన ఇంగ్లీషు బృందం ఫొటోలు తీసింది. బందరులో మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్. నాలుగేళ్ల కిందటి ఉప్పెన ముప్ఫై వేలమందిని మింగిన ఊరు అది, ఇంకా తేరుకోలేదు. పాగ్సన్ దగ్గర పనిచేసే చింతామణి రఘునాథాచారి మరో బృందంతో వనపర్తిలో ఉన్నాడు.

సూర్యుడు పూర్తిగా మరుగుపడింది అయిదు నిమిషాల పైచిలుకు. సూర్యుడి అంచున ఎగసిన ఎర్రటి జ్వాలల వెలుగును పట్టకంలో చీల్చి చూస్తే మెరిసే గీతలు కనిపించాయి. అవి వాయువుల గుర్తులు. జాన్సెన్ హైడ్రోజన్‌ను పోల్చుకున్నాడు. గీతలు ఎంత మెరిశాయంటే, వీటిని చూడటానికి గ్రహణమెందుకు అనిపించిందాయనకు. ఆ మధ్యాహ్నం మబ్బు పట్టింది. మర్నాడు తెల్లవారాక, మామూలు ఎండలోనే, చూసి చూపించాడు. నా లెక్కన గుంటూరు గొప్పతనం ఆ రెండో రోజుది.

‘హీలియం గుంటూరులో పుట్టింది’ అని మనవాళ్లు మురిసిపోతుంటారు. నాకూ ముచ్చటే, కానీ కాస్త తగ్గించి చెప్పాలి. ఆ రోజు పసుపు గీతను చూసినవాళ్లలో చాలామంది అది ఉప్పులో ఉండే సోడియందే అనుకున్నారు. సోడియం చోటనో, దాని పక్కనో అని అనుమానం మిగుల్చుకున్నవాడు బందరు పాగ్సన్. అది పక్కదేనని అక్టోబరులో లండన్ నుంచి తేల్చినవాడు నార్మన్ లాకియర్. సూర్యుడి గ్రీకు పేరు హీలియోస్ మీదుగా, ఆ గీత వెనకున్న మూలకానికి హీలియం అన్న పేరు ఆ తర్వాత వచ్చింది. జాన్సెన్ కాకినాడ నుంచి రాసిన ఉత్తరమూ, లాకియర్ ఉత్తరమూ అక్టోబరు 26న ఒకే సభలో పారిస్ అకాడమీ ముందుకొచ్చాయి. 1872లో ఫ్రాన్సు ఇద్దరి ముఖాలూ ఒకే పతకం మీద అచ్చొత్తింది. పాగ్సన్‌కు దక్కిందేమీ లేదు.

నేల మీద హీలియం 1895లో గానీ దొరకలేదు. యురేనియం ఖనిజం నుంచి విలియం రామ్సే బయటికి రప్పించాడు. 1908లో కామర్లింగ్ ఓన్నెస్ దాన్ని ద్రవం చేశాడు: మైనస్ 269 డిగ్రీలు. దాని గిరాకీలో చాలా భాగం ఆ చలువలోనే ఉంది.

మా పెద్దమ్మను మోకాలి ఎమ్మారై కోసం బెజవాడ తీసుకెళ్లినప్పుడు ఓ స్కానింగ్ సెంటర్లో కుర్రాడు, “గ్యాస్ రాలేదమ్మా, వారం ఆగాలి” అన్నాడు. “బుక్ చేశారా మరి?” అంది పెద్దమ్మ. అక్కడున్నవాళ్లంతా నవ్వారు గానీ ప్రశ్న సరైనదే. ఆ యంత్రపు అయస్కాంతం సుమారు 1,500 లీటర్ల ద్రవ హీలియంలో మునిగి ఉంటుంది. వేడెక్కితే అంతా ఆవిరై గొట్టంలోంచి ఆకాశానికి పోతుంది. హీలియం తేలిక, భూమి పట్టి ఉంచలేదు. భూగర్భంలో యురేనియం, థోరియం క్షీణిస్తూ కోట్ల ఏళ్లలో కూడబెట్టిందే మన ఆస్తి.

అదీ సహజవాయువుతో కలిసి కొన్నిచోట్లే దండిగా వస్తుంది: అమెరికా, ఖతార్, అల్జీరియా, రష్యా. కైకలూరు వైపు గ్యాస్ బావులున్నంత మాత్రాన మనకు ఒరిగేది లేదు, దాదాపు అంతా దిగుమతే. 2017లో పొరుగు దేశాలు ఖతార్‌ను దిగ్బంధిస్తే అక్కడి ప్లాంట్లు కొన్నాళ్లు ఆగాయి. 1925 నుంచి టెక్సస్‌లో నిల్వపెట్టుకున్న సర్కారీ హీలియాన్ని అమెరికా అమ్ముకుంటూ వచ్చి, 2024లో ఆ నిల్వ కేంద్రాన్నే ప్రైవేటుకు ఇచ్చేసింది. నాకైతే అది విత్తనాల గాదె ఊడ్చి అమ్ముకున్నట్టుంది. చిప్పుల ఫ్యాక్టరీలకు అదే కావాలి, రాకెట్ ట్యాంకుల్లో ఒత్తిడికీ అదే. 2024లో సునీతా విలియమ్స్ వెళ్లిన స్టార్‌లైనర్‌లో కారిందీ అదే. కటకట వస్తే ఆస్పత్రులకు ముందు ఇస్తారు, విశ్వవిద్యాలయాల ప్రయోగశాలలు వరుసలో వెనకబడతాయి. ఏడు లీటర్లతో నడిచే సీలు వేసిన ఎమ్మారైలు వచ్చాయి గానీ, పాత యంత్రాలు ఇంకా తాగుతూనే ఉన్నాయి.

మా తిరునాళ్లలో బుడగలవాడి దగ్గర తుప్పుపట్టిన సిలిండరు ఒకటి ఉండేది. అందులో కాస్టిక్ సోడా, అల్యూమినియం ముక్కలు, నీళ్లు వేసి మూత బిగించేవాడు. సిలిండరు వేడెక్కేది. బీడీ ముట్టించినవాళ్లను అవతలికి తరిమేవాడు. అందులో పుట్టేది హైడ్రోజన్, ఒక్క రవ్వ తగిలితే భగ్గుమంటుంది. హీలియం కొనే స్తోమత అతనికెక్కడిది? గుంటూరు మేడమీద జాన్సెన్ పోల్చుకున్న వాయువునే అతను మా పిల్లల చేతికి దారం కట్టి ఇచ్చేవాడు.